గార్డులోకి లాగడం: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

బ్రెజిలియన్ జియుజిట్సులో చేరిన కొన్ని నెలలకి, నిలబడి రోల్ (సాధన పోరు) మొదలుపెట్టమన్న రోజున అందరికీ వచ్చే సందేహం ఒకటే. ఎదుటివాళ్లని పడగొట్టడానికి తంటాలు పడాలా, లేక మనమే కింద కూర్చుని వాళ్లని మన కాళ్ల మధ్యకి లాక్కోవాలా? కింద ఉండి ఎదుటివాళ్లని కాళ్లతో అడ్డుకునే స్థితి గార్డ్. అందులోకి లాగే ఈ రెండో పనినే గార్డ్ పుల్ అంటారు. వీడియోలు వెతికితే దీనికి లెక్కలేనన్ని రకాలు దొరుకుతాయి. అన్నీ బాగానే కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

కుస్తీ చూస్తూ పెరిగినవాళ్లకి అసలు ఈ ఆలోచనే మింగుడుపడదు. అక్కడ భుజాలు రెండూ మట్టికి ఆనితే ఆట ముగిసినట్టే. ఇక్కడ వెల్లకిలా ఉన్న మనిషి కాళ్లు ఇద్దరి మధ్యా అడ్డుగా ఉన్నంతసేపు ఎవరూ ఓడినట్టు కాదు. కింద నుంచే మెడకి ఉరి బిగించొచ్చు, మోచేతికి తాళం వెయ్యొచ్చు, ఎదుటివాళ్లని తిరగేసి పైకి రావొచ్చు. ఈ వాదన బ్రెజిల్‌లో పుట్టింది కాదు. జపాన్‌లో 1914లో మొదలైన కోసెన్ జూడో పోటీల్లో, నిలబడి విసరకుండా నేరుగా నేల మీదకి లాగెయ్యడం మామూలు విషయం. కాళ్లతో మెడని బిగించే, ఇవాళ ప్రతి అకాడమీలో నేర్పే ట్రయాంగిల్ ఉరి పదునెక్కింది ఆ పోటీల్లోనే. తర్వాత జూడో కేంద్ర సంస్థ కొడోకాన్ ఈ లాగుడికి కళ్లెం వేసింది. ఇప్పటి జూడోలో సరైన విసురు ప్రయత్నం లేకుండా ఎదుటివాళ్లని నేల మీదకి లాగితే షిడో అనే పెనాల్టీ ఇస్తారు. జియుజిట్సు మాత్రం ఆ తలుపు తెరిచే ఉంచింది, కాకపోతే కొన్ని షరతులు పెట్టింది.

ముందు ఆ షరతులు చూద్దాం. ఏ పుల్ ఎంచుకోవాలన్నది సగం అక్కడే తేలిపోతుంది.

జియుజిట్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ నియమాల్లో టేక్‌డౌన్‌కి (నిలబడ్డవాళ్లని పడగొట్టడం) 2 పాయింట్లు, స్వీప్‌కి (కింద నుంచి తిరగేసి పైకి రావడం) 2, గార్డ్ పాస్‌కి (కాళ్లని దాటుకుని వెళ్లడం) 3, మౌంట్‌కి (పైన ఎక్కి కూర్చోవడం) 4, వీపు పట్టుకుంటే 4. గార్డ్ పుల్‌కి సున్నా. అంటే మీరు పైసా రాని పని చేసి, ఎదుటివాళ్లకి 3 పాయింట్ల అవకాశం ఇచ్చి, మీరు 2 పాయింట్ల కోసం కింద కూర్చున్నారన్నమాట. కింద నుంచి గట్టిగా పనిచేసే స్వీప్ ఒక్కటైనా ఉంటే తప్ప ఈ బేరం గిట్టదు. వైట్ బెల్ట్ పెద్దల మ్యాచ్ 5 నిమిషాలే. కూర్చుని ఆలోచించుకునేంత తీరిక ఉండదు.

దీనికి తోడు మూడు మెలికలున్నాయి. మొదటిది, ఎదుటివాళ్లని ఎక్కడా పట్టుకోకుండా ఊరికే కూర్చుంటే పెనాల్టీ. రెండోది చాలామందికి పోటీలో దెబ్బ తగిలాకే తెలుస్తుంది: ఎదుటివాళ్ల చెయ్యి మీ ప్యాంటుని పట్టుకుని ఉండగా మీరు పుల్ చేశారనుకోండి, వాళ్లు పైన 3 సెకన్లు నిలదొక్కుకుంటే టేక్‌డౌన్ కింద 2 పాయింట్లు వాళ్లకి వెళ్తాయి. మీ ఇష్టంతోనే కూర్చున్నానని రిఫరీతో వాదించినా లాభం లేదు. మూడోది, వాళ్లు టేక్‌డౌన్ మొదలుపెట్టాక మీరు కంగారుగా కూర్చున్నా ఆ 2 వాళ్లవే. కాబట్టి పుల్ అన్నది ఆపదలో తప్పించుకునే కిటికీ కాదు. వాళ్లు మీ మీదకి రాకముందే మీరు మొదలుపెట్టాల్సిన దాడి.

జూడో తరహా కోటు లేకుండా ఆడే పెద్ద పోటీ ఏడీసీసీ ఇంకాస్త కఠినం. మ్యాచ్ మొదటి భాగంలో పాయింట్లుండవు, అప్పుడు కూర్చుంటే సాధారణంగా నష్టం లేదు. పాయింట్లు మొదలయ్యాక మీ అంతట మీరు గార్డులోకి వెళ్తే మైనస్ 1. అక్కడ ఆడేవాళ్లు పుల్ చెయ్యదలిస్తే తొలి సగంలోనే చేసేస్తారు, లేదా చివరిదాకా నిలబడే ఉంటారు.

ఇక పద్ధతుల ఎంపిక. మనలో ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు చూడముచ్చటైన పుల్ నేర్చుకుంటారు, కింద పడ్డాక ఏం చెయ్యాలో ఆ తర్వాత వెతుక్కుంటారు. నా లెక్కలో వరస ఇలా ఉండాలి: కింద నుంచి మీకు బాగా వచ్చే స్వీప్ ఏది? దానికి ఏ గ్రిప్‌లు కావాలి? ఆ గ్రిప్‌లని నిలబడి ఉండగానే పట్టుకునే వీలున్న పుల్ ఏది? కింద పడ్డాక గ్రిప్ మార్చుకోవాల్సి వస్తే ఆ అర సెకనులోనే మీ కాళ్లు దాటుకుని వెళ్లిపోతారు.

కాలర్, స్లీవ్ పట్టుకుని, తుంటి మీద పాదం పెట్టి

గి (జూడో తరహా మందపాటి కోటు, ప్యాంటు) వేసుకుని ఆడేవాళ్లకి మొదట నేర్చుకోదగ్గది ఇదే. దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

మీ కుడిచెయ్యి వాళ్ల ఎడమవైపు కాలర్‌ని ఛాతీ పైభాగంలో పట్టుకుంటుంది. ఎడమచెయ్యి వాళ్ల కుడి స్లీవ్ అంచుని మణికట్టు దగ్గర గుప్పెట్లోకి మడిచి పట్టుకుంటుంది. వేళ్లు మాత్రం స్లీవ్ లోపలికి పోనివ్వకండి, అది ఫౌల్. ఇప్పుడు ఉన్నచోటే నిలబడి లాగకుండా పక్కకి అడుగులేస్తూ వాళ్లని కదిలించండి. వాళ్లు ముందుకి అడుగు వేసే క్షణంలో మీ ఎడమపాదం వాళ్ల కుడి తుంటి మడత మీదకి వెళ్లాలి. వెంటనే మీ కుడి మడమకి ఆనుకునేంత దగ్గరగా కూర్చోవాలి. గడ్డం ఛాతీకి ఆనించి ఉంచండి, లేకపోతే తల వెనకభాగం మ్యాట్‌కి కొట్టుకుంటుంది.

కొత్తవాళ్లు తప్పు చేసేది ఆ కూర్చోవడంలోనే. వెనక్కి, దూరంగా పడిపోతారు. బావిలో నీళ్లు తోడేవాళ్లు ఒరకి ఆనుకుని నిలబడి చేద లాగుతారు తప్ప పది అడుగుల అవతల నుంచి లాగరు కదా, ఇదీ అంతే. వాళ్ల పాదాలకి దగ్గరగా కూర్చుంటే మీ బరువంతా ఆ రెండు గ్రిప్‌ల మీద వేలాడుతుంది, వాళ్ల నడుము వంగుతుంది, తల కిందికి వస్తుంది. దూరంగా పడితే మీ చేతులు చాచుకుపోతాయి, వాళ్లు నిటారుగానే ఉంటారు, మీ మోకాళ్లని పక్కకి తోసేసి చుట్టూ తిరిగి వచ్చేస్తారు.

కూర్చున్నాక మీ కుడికాలు ఇంకా ఖాళీగానే ఉంటుంది. వాళ్లు ముందుకి ఒరిగి పడుతుంటే రెండు కాళ్లూ నడుము చుట్టూ వేసి మూసెయ్యండి, అది క్లోజ్డ్ గార్డ్. వాళ్లు వెనక్కి గుంజుకుని నిలబడితే అదే కుడికాలిని వాళ్ల ఎడమకాలి చుట్టూ బయట నుంచి కొక్కెంలా వేసి, కుడిచేత్తో మడమ పట్టుకోండి, అది డె లా రీవా గార్డ్. 1980ల్లో రియో డి జనీరోలో రికార్డో డె లా రీవా ఆడిన ఆటతో దానికా పేరొచ్చింది. ఒకే పుల్‌లో రెండు దారులుండటం వల్ల వాళ్లు ఎటు పోయినా మీ దగ్గర జవాబు ఉంటుంది. పైగా క్లోజ్డ్ గార్డ్ కుదరకపోయినా తుంటి మీద పాదం దూరాన్ని కాపాడుతుంది. విఫలమైనా కొంప మునగని పుల్ అంటే ఇదే.

లోటు లేదా అంటే ఉంది. వేళ్లు. స్లీవ్ గ్రిప్ మీద బతికేవాళ్ల వేళ్ల కీళ్లు కొన్నేళ్లకి ఉబ్బిపోతాయి. పగలంతా కీబోర్డ్ మీద పనిచేసేవాళ్లు వేళ్లకి టేప్ చుట్టుకోవడం, గ్రిప్ పోతున్నప్పుడు మొండిగా పట్టుకోకుండా వదిలెయ్యడం మొదటి నుంచే అలవాటు చేసుకుంటే మంచిది. నో-గిలో పట్టుకోవడానికి కాలర్ ఉండదు, స్లీవ్ ఉండదు కాబట్టి ఇది అక్కరకు రాదు.

ఎగిరి దూకడం

రెండు చేతులతో కాలర్ పట్టుకుని ఒక్క గెంతులో నడుము చుట్టూ కాళ్లు వేసెయ్యడం. వీడియోల్లో ఎక్కువగా మెరిసేది ఇదే, నేను ఎవరికీ సలహా ఇవ్వనిదీ ఇదే.

ప్రమాదం దూకేవాళ్లకంటే దూకించుకునేవాళ్లకే ఎక్కువ. వాళ్ల కాలు మ్యాట్ మీద గట్టిగా ఊని ఉన్నప్పుడు మీ శరీరం బరువంతా పక్కవాటుగా వచ్చి మోకాలి మీద పడితే, ఆ మోకాలు వంగకూడని దిక్కుకి వంగుతుంది. లిగమెంట్ తెగితే సర్జరీ, ఆపైన నెలల తరబడి ఫిజియోథెరపీ. ఎదురుగా ఉన్న వ్యక్తి మీ ట్రైనింగ్ పార్ట్‌నర్, రేపు ఆఫీసుకి వెళ్లాల్సిన మనిషి. ఐబీజేజేఎఫ్ వైట్ బెల్ట్‌లకి, పిల్లలకి ఇలా దూకడాన్ని నిషేధించింది ఊరికే కాదు. పై బెల్ట్‌ల వాళ్లకి అనుమతి ఉంది. సరిగ్గా నిటారుగా ఎగిరి, తుంటి ఎముకల కంటే పైన కాళ్లు వేసేవాళ్లు ఉన్నారు. కానీ ఇది ఇచ్చేది క్లోజ్డ్ గార్డ్. అదే క్లోజ్డ్ గార్డ్ తుంటి మీద పాదం పెట్టి కూర్చున్నా వస్తుంది. కొత్తగా ఏమీ ఇవ్వని దానికి అంత రిస్క్ దేనికి?

మీ అకాడమీలో ఎవరైనా రోల్‌లో ఇలా దూకుతుంటే, మొహమాటపడకుండా నా మీద వద్దని ముందే చెప్పండి.

నో-గిలో కూర్చోవడం

గి లేని ఆటలో పుల్ అనే మాట పేరుకే. చెమట పట్టిన చేతిని పట్టుకుని మనిషిని లాగడం కుదిరే పని కాదు. అందుకని అక్కడ మణికట్టునో మెడనో పట్టుకుని నేరుగా కూర్చుంటారు, కూర్చున్నాక వాళ్లే మీ దగ్గరకి వచ్చేలా చేస్తారు. ఐబీజేజేఎఫ్ నో-గిలోనూ ఆ ఒక్క గ్రిప్ తప్పనిసరి. పెనాల్టీ రాకుండా ఉండటానికైనా ముందు మణికట్టు అందుకోండి.

కూర్చునే తీరు ముఖ్యం. వీపు నేలకి ఆనకూడదు. నడుము నిటారుగా, ఒక మోకాలు పైకి, పాదాలు వాళ్ల పాదాలకి దగ్గరగా. ఇక్కడ నుంచి రెండు పాదాలనీ వాళ్ల తొడల లోపలికి కొక్కేల్లా పెడితే బటర్‌ఫ్లై గార్డ్. చంక కింద నుంచి చెయ్యి దూర్చి, పక్కకి ఒరుగుతూ కొక్కెంతో ఎత్తితే స్వీప్. మార్సెలో గార్సియా ఈ ఆటతోనే తనకంటే చాలా పెద్ద మనుషులని తిరగేశాడు. 2003, 2005, 2007, 2011లో ఏడీసీసీ గెలిచాడు. అతని ఆటలో గమనించాల్సింది ఇంకొకటుంది: కూర్చుని ఉన్నా ఆర్మ్ డ్రాగ్‌తో (చెయ్యి పట్టి పక్కకి లాగడం) వీపు మీదకి వెళ్లడం లేదా కాలు పట్టుకుని లేచి పడగొట్టడం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కూర్చోవడాన్ని అతను విశ్రాంతిగా వాడుకోలేదు.

దీనికి పొట్ట కండరాలు, తుంటి కదలిక కావాలి. రోజంతా కుర్చీలో ఉండి వచ్చి నడుము వంగిపోయే వాళ్లకి మొదట్లో కష్టమే. ఎదుటివాళ్లు మీ నుదుటి మీదో భుజం మీదో చెయ్యి పెట్టి తోస్తే వెల్లకిలా పడిపోతారు. పడితే అక్కడే ఉండిపోకుండా వెనక చెయ్యి ఊని మళ్లీ కూర్చోవడం సాధన చెయ్యాలి. అది రానంతకాలం ఈ దారి మీకు ఖరీదైనదే.

హాఫ్ గార్డ్

బరువు ఎక్కువ, నడుము గట్టి, వయసు ముప్పై అయిదు దాటింది, కాళ్లు తల దాకా ఎత్తే పని జరగదు. ఈ వర్ణన మీకు సరిపోతే హాఫ్ గార్డ్‌ని, అంటే వాళ్ల ఒక్క కాలినే మీ కాళ్ల మధ్య ఇరికించే స్థితిని, చిన్నచూపు చూడకండి. రియోలో గోర్డో అని పిలిచే రాబెర్టో కొరేయా మోకాలి గాయంతో ఆడాల్సి వచ్చినప్పుడు, అప్పటిదాకా అందరూ ఓటమికి ముందు మెట్టు అనుకున్న ఈ స్థితిని దాడి చేసే స్థితిగా మలిచాడు.

పుల్ ఇలా ఉంటుంది: ఒక చెయ్యి కాలర్ మీదో మెడ వెనకో, ఇంకో చెయ్యి చంక కింద. వాళ్లకి ఒక పక్కగా కూర్చుంటూ వాళ్ల ముందుకాలిని మీ రెండు కాళ్ల మధ్య ఇరికించండి. నేరుగా ఎదురుగా కాదు, పక్కగా. చంక కింద చెయ్యి గెలిస్తే మీరు వీపు వైపుకి వెళ్తారు, లేదా మోకాళ్ల మీదకి లేచి వాళ్లని పడగొడతారు. ఆ చెయ్యి ఓడిపోయి, వాళ్ల భుజం మీ దవడ మీద పడి మీ మొహం అటు తిరిగిపోయిందా, అయిదు నిమిషాల మ్యాచ్‌లో నాలుగు నిమిషాలు ఊపిరాడకుండా గడపాలి. అందుకని హాఫ్ గార్డ్ పుల్ ఎంచుకునేవాళ్లు చంక కింద చెయ్యి నిలబడి ఉండగానే సంపాదించాలి. అది దొరకని రోజున కూర్చోవద్దు.

సుమి గాయెషి, టొమొయె నాగె

జూడో కొంతైనా నేర్చుకున్నవాళ్లకి నేను మొదట సూచించేది వీటినే. రెండూ తాను కింద పడుతూ ఎదుటివాళ్లని పైనుంచి విసిరేవే. టొమొయె నాగెలో పాదం వాళ్ల పొట్ట మీద పెట్టి, వాళ్ల కిందకి జారి, తల మీదుగా పంపిస్తారు. సుమి గాయెషిలో వీపు మీదుగా బెల్ట్ పట్టుకుని, పాదం పైభాగాన్ని వాళ్ల తొడ లోపలివైపు కొక్కెంలా వేసి ఎత్తుతారు.

మామూలు పుల్‌తో పోలిస్తే వీటి లాభం లెక్కలోనే ఉంది. విసురు పూర్తయి, ఎదుటివాళ్లు వెల్లకిలా పడి, మీరు పైకి వచ్చి 3 సెకన్లు నిలబడితే 2 పాయింట్లు. సగంలో ఆగిపోతే మీరు గార్డులో ఉంటారు: టొమొయె నాగె విఫలమైతే తుంటి మీద పాదంతో ఓపెన్ గార్డ్, సుమి గాయెషి విఫలమైతే బటర్‌ఫ్లై. ఎలాగూ కిందికి వెళ్లాలనుకున్నారు కాబట్టి పోయిందేమీ లేదు. ముందుకి వంగి, తల దించి, మీద పడి తోసే కుస్తీ మనుషుల మీద సుమి గాయెషి బాగా పనిచేస్తుంది, వాళ్ల తోపుడే దానికి ఇంధనం. నిటారుగా నిలబడి దూరం పాటించేవాళ్ల మీద అది తగలదు.

నేర్చుకోవడానికి సమయం పడుతుంది, అదే దీని ధర. విసరడం రాకముందు పడటం రావాలి, మీకూ మీ పార్ట్‌నర్‌కీ. మ్యాట్ పలచగా ఉన్న చోట, గోడ దగ్గరగా ఉన్న చోట టొమొయె నాగె సాధన చెయ్యకండి. అద్దెకి తీసుకున్న చిన్న హాళ్లలో నడిచే క్లాసుల్లో ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం.

ఇక ఇమనారి రోల్ గురించి ఒక్క మాట. జపాన్‌కి చెందిన మసకజు ఇమనారి పేరు మీదున్న ఈ ఎత్తులో భుజం మీద దొర్లుతూ నేరుగా కాళ్లలోకి వెళ్లి హీల్ హుక్ (మడమని మెలితిప్పే పట్టు) వెతుకుతారు. ఐబీజేజేఎఫ్‌లో హీల్ హుక్ 2021 నుంచి నో-గిలో, బ్రౌన్, బ్లాక్ బెల్ట్ పెద్దలకి మాత్రమే. మీరు ఆ జాబితాలో లేకపోతే ఈ పేజీ తిప్పెయ్యొచ్చు.

ఎదుట ఉన్నది ఎవరు

కుస్తీ లేదా రెజ్లింగ్ నేపథ్యం ఉన్నవాళ్లతో నిలబడి పోటీ పడటం చాలామందికి దండగ. వాళ్లు మీ కాళ్లు అందుకోకముందే పుల్ చేసెయ్యడం తెలివైన పని. అయితే వాళ్ల చెయ్యి ముందుగా వెళ్లేది మీ కాళ్ల మీదకే, అంటే ప్యాంటు గ్రిప్ మెలిక ఇక్కడే ఎదురవుతుంది. ముందు ఆ చేతిని విడిపించుకోండి, తర్వాతే కూర్చోండి. కింద పడ్డాక వాళ్లు బరువు వేసి నలుపుతారు కాబట్టి క్లోజ్డ్ గార్డ్‌లో వాళ్ల నడుము వంచి దగ్గరగా పట్టుకోవడం కంటే డె లా రీవా లాంటి దూరపు గార్డులు నాకు మేలనిపిస్తాయి.

జూడోవాళ్లు వేరే రకం. గ్రిప్‌ల దగ్గరే వాళ్లు ఆట గెలిచేస్తారు. వాళ్లు తమకి కావాల్సిన పట్టు సంపాదించాక మీరు పుల్ చెయ్యబోతే మీరే గాల్లో ఉంటారు. మొదటి పట్టు మీదే కావాలి, ఆ వెంటనే పుల్ జరిగిపోవాలి. ఇక్కడ ఆలస్యం విషం.

మీలాగే పుల్ చేసేవాళ్లు ఎదురైతే ఇద్దరూ ఒకేసారి కూర్చుంటారు. తక్కువ బరువు విభాగాల్లో ఇది రోజూ జరిగేదే. జొవావో, పాలో మియావో సోదరుల మ్యాచ్‌లు చూసినవాళ్లకి ఈ దృశ్యం తెలుసు: ఇద్దరూ పిర్రల మీద కూర్చుని, కాళ్లు పెనవేసుకుని, ఒకరి బెల్ట్ ఒకరు అందుకోవడానికి చూస్తూ. ఐబీజేజేఎఫ్‌లో 20 సెకన్లలోపు ఎవరో ఒకరు పైకి రావాలి, లేకపోతే ఇద్దరికీ పెనాల్టీ. ముందుగా పైకి వచ్చినవాళ్లకి అడ్వాంటేజ్ (పాయింట్లు సమమైతే లెక్కలోకి వచ్చేది). నాకైతే ఇక్కడ ఆలోచించేదేమీ కనిపించదు: లేవండి. ఒక్క అడ్వాంటేజ్‌తో తేలిపోయే మ్యాచ్‌లు తక్కువేం కాదు. పైగా కింద కూర్చోవడమే ఇష్టమైన మనిషిని పాస్ చెయ్యడం మీకు రాకపోతే, ఆ లోటు ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకుని పూడ్చాల్సిందే.

అసలు పుల్ చెయ్యకూడనివాళ్లు

మీరే కుస్తీ నుంచి వచ్చారా? అయితే కూర్చోకండి. మిగతావాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసినా రాని బలం మీ చేతిలో ముందే ఉంది. టేక్‌డౌన్‌తో 2, పాస్‌తో 3. అయిదు పాయింట్ల దారి నడుముకి కట్టుకుని వచ్చి, ఫ్యాషన్ కోసం సున్నా నుంచి మొదలుపెట్టడం దేనికి? గార్డ్ మీరూ నేర్చుకోవాలి, కానీ క్లాసులో, రోల్‌లో, పడినప్పుడు బతకడానికి. పోటీకి వెళ్లిన రోజున పైనే ఉండండి.

ఆత్మరక్షణ కోసం వచ్చినవాళ్లకీ నా జవాబు అదే. సిమెంటు నేల మీద, ఇంకొకడు పక్క నుంచి రావొచ్చనే చోట, పిడిగుద్దులు పడే చోట మీ అంతట మీరు వెల్లకిలా పడుకోవడం తెలివి కాదు. 1993లో, పిడిగుద్దులకీ అనుమతి ఉన్న పోటీ యూఎఫ్‌సీని మొదటిసారే గెలిచిన జియుజిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ పేరు చెప్పి ఎదురు వాదించేవాళ్లుంటారు. 1994 డిసెంబరులో డాన్ సెవర్న్‌ని అతను గార్డు నుంచే, దాదాపు 16 నిమిషాల పోరాటం తర్వాత, ట్రయాంగిల్‌తో లొంగదీసుకున్న మాట నిజమే. కానీ అక్కడికి అతను సరదాపడి వెళ్లలేదు. సెవర్న్ పెద్ద రెజ్లర్, పడగొట్టి పైన కూర్చున్నాడు. గార్డు అక్కడ కాపాడిన గొడుగు. వర్షం లేకుండా తడవడానికి వెళ్లమని దాని అర్థం కాదు.

మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది: గిలో అయితే కాలర్, స్లీవ్ పుల్ ఒకటి, దానితో పాటు ఒక టేక్‌డౌన్. సింగిల్ లెగ్ (ఒక కాలు పట్టుకుని పడగొట్టడం) అయితే చాలు. టేక్‌డౌన్ ఎందుకంటే, మీరు కూర్చోవడానికే చూస్తున్నారని ఎదుటివాళ్లకి ముందే తెలిసిపోతే వాళ్లు వెనక్కి వాలి, తుంటి దూరంగా పెట్టి, మీరు కూర్చునే దాకా ఆగుతారు. కాలికి గురిపెడతారన్న భయం ఉంటేనే వాళ్లు ముందుకి వంగుతారు, అప్పుడే పుల్ దొరుకుతుంది. నో-గి ఎక్కువ ఆడేవాళ్లు కూర్చునే పద్ధతి, ఆర్మ్ డ్రాగ్ జతగా నేర్చుకోండి. బరువైనవాళ్లు, మోకాళ్లు సహకరించనివాళ్లు హాఫ్ గార్డ్. జూడో తెలిసినవాళ్లు సుమి గాయెషి. ఒక్కటి కుదిరే దాకా రెండోది ముట్టుకోవద్దు.

సాధనలో రోల్స్‌ని మోకాళ్ల మీద నుంచి మొదలుపెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. జాగా తక్కువ, గాయాల భయం, కారణాలు సరైనవే. కానీ అలా ఏడాది గడిపితే పుల్ ఎప్పటికీ రాదు. పార్ట్‌నర్‌ని అడిగి వారానికి కొన్ని రౌండ్లయినా నిలబడి మొదలుపెట్టండి. గ్రిప్ పట్టడం, కూర్చోవడం, ఆ తర్వాత అయిదారు సెకన్లు, అంతే. స్వీప్ వచ్చినా, పాస్ అయిపోయినా ఆపి మళ్లీ లేవండి.

కొన్ని వారాలకి ఎక్కడ తేడా కొడుతోందో బయటపడుతుంది. కూర్చునే అవకాశమే దొరకడం లేదంటే లోపం గ్రిప్‌లో ఉంది: మొదటి పట్టు వాళ్లకి పోతోంది. కూర్చున్న వెంటనే పాస్ అయిపోతున్నారంటే దూరంగా పడుతున్నారు, మడమ దగ్గర కూర్చోవడం మళ్లీ మొదటి నుంచి చూసుకోండి. గార్డు నిలబడుతోంది గానీ స్వీప్ రావడం లేదంటే పుల్‌లో తప్పు లేదు, మీరు పట్టుకున్న గ్రిప్‌లూ మీ స్వీప్‌కి కావాల్సిన గ్రిప్‌లూ వేరువేరుగా ఉన్నాయి. అప్పుడు పుల్‌నైనా మార్చాలి, స్వీప్‌నైనా మార్చాలి. నేనైతే స్వీప్‌ని అలాగే ఉంచి పుల్‌ని మారుస్తాను.